బదులు డ్యూటీ

కోరుట్లలో ఒక ప్రైవేటు ఆస్పత్రి వెనక బట్టలుతికే షెడ్డు ఉంది. దానికి మంచి పేరు లేదు.

పగలు చూస్తే అందులో భయపడాల్సిందేమీ కనబడదు. రేకుల కప్పు, రెండు పెద్ద వాషింగ్ మిషన్లు, ఇస్త్రీ బల్ల, గోడకో ఫోను. అంతే. పొద్దు గూకిందంటే మాత్రం వార్డుబాయిలు మాసిన దుప్పట్ల మూటలు గడప బయటే పడేసి వెనక్కి చూడకుండా పోతారు. మిషను ఆపి, మెయిను తీసి, తాళం వేశాక కూడా లోపల నీళ్ళు తిరుగుతున్న చప్పుడు వినబడుతుందని ఒకరు… ఎవరూ లేని గదిలో ఇస్త్రీ బల్ల వెచ్చగా తగిలిందని ఇంకొకరు… వెనక గేటు కాపలా జలపతి అయితే రాత్రిళ్ళు కుర్చీని షెడ్డుకు వీపు పెట్టి వేసుకుంటాడు. దొంగ అటునుంచి వస్తే ఆ దొంగ అదృష్టం.

ఈ కథ అక్కడి సూపర్‌వైజరు శైలజ చెప్పింది. శైలజ చెప్పిందంటే నమ్మాలి, కట్టుకథలు అల్లే తీరిక ఆమెకు లేదు. జరిగింది మాత్రం ఆమెకు కాదు, జగిత్యాల ఆఫీసులో కూర్చునే సుస్మితకు.

ఆ ఆస్పత్రి యజమానికి మూడు ఊళ్ళలో మూడు ఆస్పత్రులు: జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల. ఊడ్చేవాళ్ళు, ఉతికేవాళ్ళు, ఆయాలు, కాపలావాళ్ళు అంతా కలిసి నూట నలభై మంది. వాళ్ళలో ఎవరు ఏ వారం ఏ ఊళ్ళో ఏ పూట పని చెయ్యాలో రాసేది సుస్మిత. తంగళ్ళపల్లి పిల్ల. తండ్రి బాలయ్య ముప్పై ఏళ్ళు మరమగ్గాల దగ్గర నిలబడి నిలబడి ఊపిరి చెడగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. ఇల్లు గడవాలంటే ఈ పిల్ల ఉద్యోగం ఉండి తీరాలి.

పనిలో ఆమెకు వంక పెట్టడానికి లేదు. కంప్యూటరు తెర నిండా గళ్ళు. పక్కన పేర్లు, పైన తారీఖులు. పగటి డ్యూటీకి పచ్చ రంగు, సాయంత్రానికి పసుపు, రాత్రికి నలుపు. గడి ఖాళీగా ఉంటే ఎర్రగా వెలుగుతుంది, గంటలోపు నింపకపోతే యజమానికి మెసేజి పోతుంది. ఎర్ర గడి కనబడితే సుస్మితకు ముద్ద దిగేది కాదు. రెండు చేతులూ కీబోర్డు మీద, ఫోను పక్కన స్పీకర్లో… పొద్దంతా అదే పని. నూట నలభై పేర్లు నోటికి వచ్చు, ఎవరి వారపు సెలవు ఎప్పుడో నిద్రలో లేపినా చెబుతుంది. మనుషుల్లో మాత్రం పదిమంది మొహాలు కూడా తెలియవు.

జూన్‌లో యజమాని మనుషుల్ని సర్దమన్నాడు. కోరుట్ల షెడ్డులో రాత్రికి ఇద్దరు ఆడవాళ్ళు ఉన్నారు. సిరిసిల్లలో ఒకరు తక్కువ. సుస్మిత ఒకామెను అటు జరిపింది. గళ్ళలో చక్కగా కుదిరింది.

షెడ్డులో మిగిలింది పోశవ్వ. పెగడపల్లి మనిషి. భూమి లేని ఇల్లు, నాట్లకూ కలుపులకూ పోయి పోయి నడుము వంగాక ఈ పనికి వచ్చింది. ఒకసారి ఫోన్ చేసింది.

"బిడ్డా, ఒక్కదాన్ని ఉండుడు నాతోని అయితలేదు. రెండో మనిషిని ఇయ్యి."

"వచ్చే వారం చూస్తనమ్మా," అంది సుస్మిత, తెర మీదనుంచి కళ్ళు తీయకుండా.

శ్రావణమాసంలో ఒక పొద్దున శైలజ షెడ్డు తలుపు తీసేసరికి పోశవ్వ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. ఒళ్ళో సగం మడిచిన దుప్పటి. పక్కన మిషను ఉత్తగా తిరుగుతూ ఉంది. గుండెపోటు అన్నారు. చచ్చిపోయి నాలుగైదు గంటలయింది అన్నారు. నలభై అడుగుల దూరంలో డాక్టర్లున్నారు, మందులున్నాయి, ఆక్సిజన్ ఉంది. పరుగెత్తి పిలవడానికి రెండో మనిషే లేదు.

ఆ రోజు సుస్మిత పోశవ్వ పేరు తీసేసి ఆ గడిలో ఇంకో పేరు రాసింది. రాసే ముందు ఒక్క క్షణం ఆగింది. కానీ గడి ఎర్రగా ఉంది కదా!

అప్పటినుంచి ఆ షెడ్డు రాత్రి డ్యూటీకి మనిషి నిలవలేదు. ఒకామె మూడు రాత్రులు చేసి మానేసింది. ఇంకొకామె ఒక్క రాత్రి కూడా పూర్తి చెయ్యకుండా, చెప్పులు వదిలేసి, మొదటి బస్సుకు ఊరెళ్ళిపోయింది. చివరికి ఒప్పుకున్నది పగటి డ్యూటీలో ఉండే కృపారాణి ఒక్కతే. ఇస్త్రీ బల్ల మీద బైబిలు పెట్టుకుని, గొంతు విప్పి పాటలు పాడుకుంటూ మూడు నెలలు లాగింది. ఏమైనా కనబడిందా అని అడిగితే నవ్వి ఊరుకునేది.

డిసెంబరు ఇరవై నాలుగు రాత్రి తనకు సెలవు కావాలంది కృపారాణి.

"ఆ రోజు కుదరదమ్మా. నీ బదులు ఎవరూ లేరు," అంది సుస్మిత ఫోన్లో.

"ఏడాదికొక్క రాత్రి బిడ్డా. నా కొడుకు జాన్ వస్తుండు. నేను చర్చికే పోత. ఉంచితె ఉంచు, తీసేస్తె తీసెయ్యి."

అని పెట్టేసింది.

ఇరవై నాలుగో తారీఖు సాయంత్రం ఏడయ్యేసరికి తెర మీద ఎర్ర గడి ఒకటి. మర్నాడు నక్షత్రం బాగుందని ఐదుగురు కాన్పు ఆపరేషన్లకు రాయించుకున్నారు. రాత్రికి రాత్రి గుడ్డలన్నీ ఉతికి మడవాలి. సుస్మిత మూడు ఊళ్ళకూ కలిపి పదకొండు ఫోన్లు చేసింది. ఒకామెకు జ్వరం, ఒకామె ఇంట్లో చుట్టాలు, ఒకామె చుట్టూ తిప్పకుండా చెప్పేసింది.

"పోశవ్వ ఉన్న కాడికి నేను పోను మేడం."

శైలజ మాత్రం, "చూస్త మేడం, ఎవలన్న దొరుకుతె పంపుత," అంది. ఆ తర్వాత ఆమె ఫోను స్విచాఫ్.

ఇంకో పావుగంట ఆగితే యజమానికి మెసేజి పోతుంది. పోయిన నెలలోనే, ఇంకోసారి ఖాళీ వస్తే ఇంటికి పొమ్మని చెప్పి ఉన్నాడు. సుస్మితకు ఇంట్లో దగ్గుతూ కూర్చున్న తండ్రి కనబడ్డాడు. ఆ గడిలో తన పేరే కొట్టింది. సుస్మిత… కోరుట్ల… షెడ్డు… రాత్రి. ఎర్ర గడి నల్లబడింది.

పేరు పెట్టాక పోకుండా ఉంటే సరిపోయేది. ఒక్క రాత్రి ఎవరికి తెలుస్తుంది? కానీ పొద్దున ఐదుగురు ఆడవాళ్ళు ఆపరేషన్ బల్ల ఎక్కాలి. తిట్టుకుంటూనే కోరుట్ల బస్సెక్కింది.

వెనక గేటు దగ్గర జలపతి కుర్చీ ఎప్పటిలాగే షెడ్డుకు వీపు పెట్టి ఉంది.

"ఎవరైనా వచ్చిన్రా?" అంది సుస్మిత.

"లైటు ఎలుగుతున్నది మేడం."

"నేనడిగింది మనిషిని."

"నేను అటు చూడలే," అన్నాడు జలపతి, మెల్లగా.

షెడ్డు తలుపు దగ్గరగా వేసి ఉంది. లోపల మిషను తిరుగుతోంది. సుస్మిత చెయ్యి తలుపు దాకా పోయి ఆగింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత గుర్తొచ్చింది, శైలజ ఎవరినైనా పంపుతానంది కదా! పంపినట్టే ఉంది. అమ్మయ్య అనుకుని తలుపు తోసింది.

ఒక పెద్దామె… పొడుగు మనిషి. నెరిసిన జుట్టు, నడుముకు దోపిన చీర, కళ్ళు తప్ప మొహమంతా కప్పిన గుడ్డ. మాసిన బట్టలతో పనిచేసే వాళ్ళంతా అలాగే కట్టుకుంటారు. దెయ్యమైతే కాళ్ళు చూస్తే తెలుస్తుందంటారు కదా అని సుస్మిత దొంగచూపు ఒకటి కాళ్ళవైపు వేసింది. మోకాళ్ళ దాకా రబ్బరు బూట్లు. తనను చూసి తనకే నవ్వొచ్చింది.

"శైలజ పంపిందా అమ్మా?"

ఆమె తల ఊపిందో, మిషనులోకి వంగిందో తెలియలేదు.

"ఇయ్యాల డ్యూటీ ఎవలిది?" అంది గుడ్డ వెనకనుంచి. ఎక్కడో విన్న గొంతే. రోజుకు వంద ఫోన్లు వినే మనిషికి ఏ గొంతయినా విన్నట్టే ఉంటుంది.

"నాదే. నా పేరే పెట్టుకున్న."

"నీతోని అయితదా?"

"చూద్దాం," అంది సుస్మిత.

తడిసిన దుప్పటి ఒకటి మిషనులోంచి లాగబోయింది. రాలేదు. రెండు చేతులూ పెట్టి లాగితే సగం వచ్చి, నేల మీద పడి, మళ్ళీ మాసింది. ఆరిన దుప్పటి మడవబోతే ఒక కొస పట్టుకున్నప్పుడల్లా రెండో కొస నేలకు జారింది. మూడుసార్లు చూసింది. అప్పుడు తట్టింది ఆమెకు. ఇది ఒక్క మనిషి చేసే పని కాదు. దుప్పటికి రెండు కొసలుంటాయని గళ్ళలో ఎక్కడా రాసి ఉండదు.

పెద్దామె వచ్చి రెండో కొస పట్టుకుంది.

ఒకరికొకరు ఎదురుగా నిలబడ్డారు. దుప్పటి సాగదీసి, దులిపి, కొసలు కలపడానికి ఇద్దరూ నడిమిదాకా వచ్చారు. ఆ కళ్ళు దగ్గరకొచ్చాయి… కొసలు అందించి వెనక్కి పోయాయి. మళ్ళీ దులపడం, మళ్ళీ దగ్గరకు రావడం. వేళ్ళకు వేళ్ళు తగిలాయి. చల్లగా ఉన్నాయి. పొద్దంతా నీళ్ళలో నానే చేతులు వెచ్చగా ఎట్లా ఉంటాయి?

ఒక దుప్పటి… రెండు… ఐదు… పది.

దగ్గరకు వచ్చినప్పుడల్లా సుస్మితకు ఒకటి అర్థమవుతూ వచ్చింది. తన ఊపిరికి తన మొహం ముందు చలికాలపు ఆవిరి లేస్తోంది. ఆమె గుడ్డ మాత్రం కదలడం లేదు.

చలికి కళ్ళు మసకబారాయేమో అనుకుంది. అంతకంటే ఎక్కువ అనుకునే ధైర్యం లేకపోయింది.

"నీ పేరేందమ్మా?" అంది.

"నీకు ఎర్కే గద. మూడేండ్ల సంది రాస్తుంటివి."

సుస్మిత సిగ్గుపడింది. నూట నలభై మందిలో ఎవరో తెలియలేదని చెప్పడానికి నోరు రాలేదు.

పెద్దామె ఆమె చేతిలోంచి దుప్పటి తీసుకుంది.

"నువ్వు పండుకో బిడ్డా. చిన్నపోరివి, చేతులు బొబ్బలెక్కినయి. నీ డ్యూటీ నేను చేస్త. బదులు."

"బదులంటే?"

"నాట్లకు పోయేటప్పుడు మేము గట్లనే చేసుకుంటుంటిమి. ఇయ్యాల నీ వంతు కూలికి నేను, రేపు నా వంతుకు నువ్వు. ఈడ గూడ గంతే. ఇయ్యాల నీ డ్యూటీ నేను చేస్త, మల్ల నా డ్యూటీ నువ్వు చెయ్యాలె."

సాఫ్ట్‌వేరులో బదులుకు చోటు లేదు. ఈ ఆడవాళ్ళు తనకు తెలియకుండా ఇలా నడుపుకుంటున్నారన్నమాట. ఇంకో రోజైతే సుస్మితకు కోపం వచ్చేది. ఆ రాత్రి మాత్రం ఒళ్ళంతా పచ్చిపుండులా ఉంది.

"సరేనమ్మా."

"గట్టిగ చెప్పు. బదులు మాట తప్పినోళ్ళను మేము మల్ల వరుసల నిలబెట్టుకోము."

"చేస్తనమ్మా. నువ్వు ఎప్పుడంటే అప్పుడు."

ఆ మాట విని పెద్దామె తల ఊపింది. తర్వాత మిషను దగ్గరకు వెళ్ళిపోయింది. సుస్మిత మూటల మీద ఒరిగింది. నీళ్ళు తిరుగుతున్న చప్పుడులో ఎప్పుడు నిద్రపట్టిందో తెలియదు.

లేచేసరికి తెల్లారింది. మిషన్లు ఆగి ఉన్నాయి. గుడ్డలన్నీ కొసకు కొస కలిపి, వార్డుల వారీగా దొంతులు పెట్టి ఉన్నాయి. ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. ఆమె లేదు.

ఏడింటికి శైలజ వచ్చింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"ఫోను సచ్చిపోయింది మేడం, ఏమనుకోకున్రి. ఎవల్నీ పంపలేకపోయిన. రాత్రంత మీరొక్కలే ఉన్నరా?"

సుస్మిత నవ్వబోయింది. "ఎందుకు, నువ్వు పంపినామె ఉంది కదా. పొడుగ్గా, తల నెరిసి…"

శైలజ దొంతుల వైపు చూసింది. తన ఫోనుకు చార్జరు పెట్టి, వెలిగేదాకా ఆగి, పోయినేడు బతుకమ్మ నాడు అందరూ కలిసి దిగిన ఫొటో తీసి చూపించింది. పూల పక్కన పదిమంది ఆడవాళ్ళు. వెనక వరుసలో అందరికంటే పొడుగ్గా ఒకామె, నవ్వుతూ.

సుస్మిత ఫొటోలో ఆమె నోటిమీద వేలు అడ్డం పెట్టి కళ్ళు చూసింది.

"ఎవరీమె?"

"పోశవ్వ," అంది శైలజ.

మూడేళ్ళు రాసిన పేరుకు ఆ పొద్దున మొదటిసారి మొహం కనబడింది. సుస్మిత గడపలో కూలబడి ఏడ్చింది. భయంతో కాదు, అది తర్వాత వచ్చింది. రెండో మనిషిని ఇయ్యి బిడ్డా అన్న ఆ ఒక్క ఫోను గుర్తొచ్చి ఏడ్చింది. ఇచ్చి ఉంటే ఆ నవ్వే మనిషి బతికి ఉండేది.

పోశవ్వ కృపారాణికి ఒక బదులు బాకీ ఉందేమో, అది తీర్చడానికే వచ్చిందేమో అని శైలజ ధైర్యం చెప్పబోయింది. మధ్యాహ్నం కృపారాణిని అడిగింది కూడా.

"నాకేం లేదు," అంది కృపారాణి. "మా ఇద్దరి బదులు ఎండకాలమే తీరిపోయింది. రాత్రి ఎవల పేరుండెనో వాళ్ళ డ్యూటీ చేసుంటది."

ఆ మాట శైలజ సుస్మితకు చెప్పలేదు. చెప్పి ఏం లాభం?

కానీ సుస్మిత మారింది, అది అందరూ చూశారు. కొత్త సంవత్సరం మొదటి వారమే సిరిసిల్ల నుంచి ఒకామెను వెనక్కి తెచ్చి షెడ్డులో రాత్రికి ఇద్దరిని వేసింది. యజమాని గుర్రుమంటే, ఇద్దరుంటేనే నేనుంటానంది. ఉద్యోగం పోతుందని తెలిసే అంది. ఎందుకో ఆయన తగ్గాడు. నెలకోసారి మూడు ఊళ్ళకూ పోయి మనుషుల్ని చూసి వచ్చేది. పేరుతోపాటు మొహం గుర్తుపెట్టుకునేది. షెడ్డులో నీళ్ళ చప్పుడు కూడా ఆగిందన్నారు. పోశవ్వ కడుపు చల్లబడిందని ఆడవాళ్ళు అనుకున్నారు. సుస్మిత కూడా అదే అనుకుంది. చేసిన తప్పు దిద్దుకున్నాక ఇంకేం మిగులుతుంది?

మార్చిలో ఒక సాయంత్రం. వచ్చే నెల డ్యూటీలు మాట్లాడటానికి శైలజ జగిత్యాల ఆఫీసుకు వచ్చింది. సుస్మిత ఎదుట కుర్చీలో కూర్చుని ఎవరికి ఏ సెలవు కావాలో చెబుతోంది. సుస్మిత అవి కంప్యూటర్లో కొడుతోంది. బయట ఇంకా వెలుగుంది, బస్టాండు వైపు ఆటోల గోల వినబడుతోంది.

ఫోను మోగింది. సుస్మిత తెర మీదనుంచి కళ్ళు తీయకుండానే ఒక వేలితో స్పీకరు నొక్కింది.

"బిడ్డా… సుస్మిత బిడ్డవేనా?"

"ఆ, చెప్పమ్మా."

"ఇయ్యాల నాకు డ్యూటీ ఉన్నది. నువ్వు చెయ్యాలె."

శైలజకు ఆ గొంతు తెలుసు. ఆరేళ్ళు కలిసి పనిచేసిన గొంతు. లేచి ఆ ఫోను కట్ చెయ్యాలనుకుంది. చెయ్యి కదలలేదు.

సుస్మిత ఇంకా తెర వైపే చూస్తోంది. వేళ్ళు కీబోర్డు మీదే ఉన్నాయి. రోజుకు వందసార్లు అడిగే ప్రశ్న, భయం కంటే ముందే నోట్లోంచి వచ్చేసింది.

"ఏ ఊర్లనమ్మా? జగిత్యాలనా, కోరుట్లనా, సిరిసిల్లనా?"

స్పీకర్లో నీళ్ళు తిరుగుతున్న చప్పుడు… కాసేపు అదొక్కటే.

"గా మూడిట్ల ఏదీ కాదు బిడ్డా," అంది పోశవ్వ.